కొలైడర్ ట్రిగ్గర్ ప్రాజెక్టు: కాలేజీ కంప్యూటర్ మీదే చేసే పద్ధతి

శ్రీకాకుళం, టెక్కలి, రాజాం, విజయనగరం, బొబ్బిలి. ఎక్కడి నుంచి రాసినా ఫిజిక్స్, ఈసీఈ విద్యార్థులు అడిగేది ఒకటే: ‘కొలైడర్ ట్రిగ్గర్ మీద ప్రాజెక్టు తీసుకున్నాం. మా కాలేజీలో డిటెక్టర్ లేదు, ఖరీదైన బోర్డులు లేవు. ఎలా చేయాలి?’ ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే బదులు మొత్తం పద్ధతి ఇక్కడ రాస్తున్నాను. కొలైడర్ అంటే కణాలను అతివేగంగా ఎదురెదురుగా ఢీకొట్టించే యంత్రం. ఇందులో వాడేది జెనీవా దగ్గరి కణ భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్‌లోని సీఎంఎస్ డిటెక్టర్ నమోదు చేసిన అసలు డేటా. పరికరం మీ కాలేజీ ల్యాబులో ఉన్న మామూలు కంప్యూటర్. ప్రోగ్రామింగ్ రాకపోయినా ఎక్సెల్ తెలిస్తే చాలు.

ట్రిగ్గర్ పని ఏమిటో పలాస వైపు వాళ్లకు చెప్పడం తేలిక. జీడిపప్పు బట్టీలో గుండు, బద్ద, ముక్క వేరు చేస్తారు కదా, కణాల ఢీకొనడాల్లో ట్రిగ్గర్ చేసేదీ అలాంటి ఏరివేతే. అయితే తేడా ఒకటుంది, ఈ ప్రాజెక్టుకు ప్రాణం అదే. జీడిపప్పులో ముక్కకు కూడా ధర పలుకుతుంది, అది బస్తాలోనే ఉంటుంది. ట్రిగ్గర్ వద్దన్న ఘటన, అంటే ఒక ఢీకొనడం తాలూకు డేటా, మాత్రం ఎక్కడా మిగలదు, మళ్లీ తెచ్చుకోలేం. అందుకని ఎంత ఏరావు అన్నది ఈ ప్రాజెక్టులో చిన్న ప్రశ్న. ఏం పోగొట్టావో నీకు తెలుసా అన్నది పెద్ద ప్రశ్న. కింది మెట్లలో సగానికి పైగా దాని కోసమే.

ముందు తెలుసుకోవలసిన నాలుగు అంకెలు

లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ప్రోటాన్ పుంజాలు 25 నానోసెకన్లకు ఒకసారి, అంటే సెకనుకు 4 కోట్ల సార్ల వరకు ఎదురెదురుగా దాటుతాయి. ఒక్కో ఘటనకు సుమారు ఒక మెగాబైట్ డేటా అనుకుంటే సెకనుకు 40 టెరాబైట్లు. అంత దాచడం సాధ్యం కాదు. సీఎంఎస్‌లో మొదటి దశ ట్రిగ్గర్ ప్రత్యేక ఎలక్ట్రానిక్స్‌తో సుమారు 4 మైక్రోసెకన్లలో నిర్ణయం చెప్పి, సెకనుకు లక్ష ఘటనల వరకు ముందుకు పంపుతుంది. రెండో దశలో కంప్యూటర్ల సమూహం వాటిని తీరిగ్గా పరిశీలించి సెకనుకు వెయ్యి నుంచి కొన్ని వేల వరకు దాస్తుంది.

4 మైక్రోసెకన్లను 25 నానోసెకన్లతో భాగించండి: 160. అంటే ఒక ఘటన మీద నిర్ణయం వచ్చేలోపు మరో 160 దాటులు జరిగిపోతాయి. వాటన్నిటి డేటా వరుసలో వేచి ఉండాలి. ఇంకో విషయం: 25 నానోసెకన్లలో కాంతి వెళ్లేది ఏడున్నర మీటర్లే, సీఎంఎస్ పొడవు 21 మీటర్లు. ఒక ఘటనలో పుట్టిన కణాలు డిటెక్టర్‌ను దాటక ముందే తర్వాతి దాటు మొదలవుతుంది. సిద్ధాంతం ఇంతకు మించి అవసరం లేదు.

కావలసినవి

4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్. 8 ఉంటే హాయి. ఎక్సెల్, లేదా ఉచితంగా దొరికే లిబ్రే ఆఫీస్ కాల్క్. రెండింటిలోనూ పది లక్షల వరుసలకు పైగా పడతాయి, మనకు కావలసింది లక్షే. మొబైల్ ఫోనులో చేయబోకండి, లక్ష వరుసల సూత్రాలకు అది మొరాయిస్తుంది. పైథాన్ వచ్చినవాళ్లు అందులోనే చేయండి, మెట్లు మారవు. ఒక పెన్‌డ్రైవు, ఒక నోటుపుస్తకం దగ్గర పెట్టుకోండి. నోటుపుస్తకం మొహమాటానికి చెప్పడం లేదు. ఏ హద్దు ఎప్పుడు మార్చారో రాసుకోకపోతే రెండో వారానికి మీ అంకెలు మీకే అర్థం కావు.

మెట్టు 1: ఫైలు తెచ్చుకోండి

సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్ 2014 నుంచి అందరికీ అందుబాటులో ఉంది. అందులో సీఎంఎస్ విభాగంలో చదువుల కోసం తయారుచేసిన పట్టికలు ఉన్నాయి. 2010లో నమోదైన, రెండు మ్యువాన్లున్న లక్ష ఘటనల సీఎస్‌వీ ఫైలును, అంటే అంకెలను కామాలతో విడదీసిన పట్టికను, తీసుకోండి. మ్యువాన్ అంటే ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ అంతకన్నా బరువైన కణం. నిశ్చర ద్రవ్యరాశి, అంటే రెండు మ్యువాన్లనూ కలిపి లెక్కకట్టిన ద్రవ్యరాశి, 2 నుంచి 110 జీఈవీ వరకు ఉన్నదే సరైన ఫైలు. జీఈవీ అంటే గిగా ఎలక్ట్రాన్ వోల్టు, కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే కొలమానం. డబ్బు కట్టక్కర్లేదు, అనుమతి అడగక్కర్లేదు. కాలేజీ నెట్ నెమ్మదిగా ఉంటే ఒకరు దించి పెన్‌డ్రైవులో పంచుకోండి.

తెరిచాక ఒక్కో వరుసలో ఒక ఘటన కనిపిస్తుంది. రెండు మ్యువాన్లకూ విడివిడిగా శక్తి, ద్రవ్యవేగం భాగాలు, పుంజానికి అడ్డంగా ఉండే తిర్యక్ ద్రవ్యవేగం పీటీ, దిశను చెప్పే ఈటా, ఫై, విద్యుదావేశం క్యూ ఉంటాయి. చివర ద్రవ్యరాశి ఎం.

ఇక్కడే మూడు తప్పులు జరుగుతాయి. అంకెలన్నీ ఒకే కాలమ్‌లో ఇరుక్కుంటే కామా దగ్గర విడగొట్టమని ఎక్సెల్‌కు చెప్పాలి. ఘటన సంఖ్య మధ్యలో ‘ఈ’ అక్షరం కనిపిస్తే డేటా పాడైందని కంగారు పడకండి, కాలమ్ వెడల్పు పెంచితే సరిపోతుంది. మూడోది ఖరీదైన తప్పు: రోజంతా సూత్రాలు రాసి మళ్లీ సీఎస్‌వీగానే దాచడం. సూత్రాలు, అదనపు షీట్లు, గ్రాఫులు అన్నీ పోతాయి. తెరిచిన వెంటనే ఎక్సెల్ వర్క్‌బుక్‌గా దాచి, మూల ఫైలును పక్కన ముట్టుకోకుండా ఉంచండి.

మెట్టు 2: ఫైలును మీరే సరిచూడండి

ద్రవ్యరాశి కాలమ్ ఉంది కదా అని నమ్మి ముందుకు పోవద్దు. పక్కన ఒక కాలమ్‌లో మీరే లెక్కకట్టండి. రెండు పీటీల లబ్ధానికి రెట్టింపు తీసుకోండి. ఈటాల తేడాకు కాష్ (హైపర్బోలిక్ కొసైన్), ఫై విలువల తేడాకు కాస్ కట్టి, మొదటిదాని నుంచి రెండోది తీసివేయండి. ఈ రెండు ఫలితాల లబ్ధానికి వర్గమూలమే ద్రవ్యరాశి.

మీ అంకె ఫైలులోని ఎం విలువతో దాదాపు కలవాలి. 3 జీఈవీ ప్రాంతంలో చిన్న తేడా సహజమే, ఎందుకంటే ఈ సూత్రం మ్యువాన్ సొంత ద్రవ్యరాశి 0.106 జీఈవీని వదిలేస్తుంది. పెద్ద ద్రవ్యరాశుల దగ్గర ఆ తేడా కనిపించదు. అన్నిచోట్లా అంకెలు చెదిరిపోయి ఉంటే ఫైను డిగ్రీలుగా మార్చారేమో చూడండి. ఫైలులో ఉన్నవి రేడియన్లు, ఎక్సెల్ కోరేదీ రేడియన్లే. మార్చాల్సిన పని లేదు.

తర్వాత ద్రవ్యరాశికి హిస్టోగ్రామ్ గీయండి. నిలువు అక్షం లాగరిథమ్‌లో పెట్టండి. 3.1 దగ్గర జే-సై, 9.5 దగ్గర అప్సిలాన్, 91 దగ్గర జెడ్ బోసాన్ శిఖరాలు కనిపించాలి. ఇవి రెండు మ్యువాన్లుగా విడిపోగల కణాలు. ఈ మూడూ కనిపించే దాకా తర్వాతి మెట్టు ఎక్కవద్దు.

మెట్టు 3: ఏరక ముందే కొన్ని పక్కన పెట్టండి

చాలామంది దీన్ని చివర చేస్తారు, కొందరు అసలు చేయరు. ఏ షరతూ పెట్టక ముందే, కళ్లు మూసుకుని తీసినట్టు, నూటికి ఒక ఘటనను పక్కకు తీయాలి. కొత్త కాలమ్‌లో ర్యాండ్ ఫంక్షన్‌తో సున్నాకూ ఒకటికీ మధ్య యాదృచ్ఛిక సంఖ్య వేసి, 0.01 కన్నా తక్కువ ఉన్న వరుసలకు గుర్తు పెట్టండి. సుమారు 1000 వరుసలు రావాలి. 900 కన్నా తక్కువో 1100 కన్నా ఎక్కువో వస్తే ఎక్కడో పొరపాటు ఉంది.

ఇప్పుడు ఆ యాదృచ్ఛిక కాలమ్‌ను మొత్తం కాపీ చేసి, అదే చోట ‘విలువలు మాత్రమే’ అని అతికించండి. ఇది మరిచిపోతే ఏ గడిలో ఏం టైపు చేసినా లక్ష సంఖ్యలూ మళ్లీ మారిపోతాయి. ‘నిన్న 83 శాతం వచ్చింది, ఈరోజు 85 వస్తోంది, ఎందుకు?’ అని వచ్చే ప్రశ్నల్లో ఎక్కువ భాగానికి జవాబు ఇదే. కింద యాదృచ్ఛిక సంఖ్యలు వాడిన ప్రతిచోటా ఇదే పని చేయాలి.

అసలు ప్రయోగాల్లోనూ ఇలాంటి నమూనా ఒకటి నిరంతరం సేకరిస్తారు. ట్రిగ్గర్ వద్దనేది ఎలా ఉంటుందో నేరుగా చూపించేది అదే.

మెట్టు 4: మొదటి దశ కట్టండి

మొదటి దశకు వ్యవధి తక్కువ, అందుకని దాని చూపు మసక. ఫైలులో ఉన్న పీటీ విలువలు తర్వాత తీరిగ్గా లెక్కించిన కచ్చితమైనవి. వాటిని కావాలనే మసకబార్చాలి. సగటు 0, ప్రామాణిక విచలనం 1 ఉన్న యాదృచ్ఛిక సంఖ్యను నార్మ్.ఎస్.ఇన్వ్ ఫంక్షన్‌లో ర్యాండ్ పెట్టి తెచ్చుకోండి. దాన్ని 0.2తో గుణించి, 1 కలిపి, వచ్చినదాన్ని పీటీతో గుణించండి. 20 శాతం మసక వచ్చింది. రెండు మ్యువాన్లకూ వేర్వేరు యాదృచ్ఛిక సంఖ్యలు వాడాలి. ఒకే సంఖ్య రెండింటికీ వాడితే రెండూ కలిసి పెరిగి కలిసి తగ్గుతాయి, మెట్టు 7 మొత్తం తప్పుతుంది.

హార్డ్‌వేర్ దశాంశాలతో పని చేయదు, మెట్లతో పని చేస్తుంది. కాబట్టి మసకబారిన పీటీని అర జీఈవీ మెట్లలోకి, కింది మెట్టుకు దించండి. ఫ్లోర్ ఫంక్షన్ వాడాలి, రౌండ్ కాదు. ఎందుకో తర్వాతి మెట్టులో తెలుస్తుంది. చివరగా హద్దు: రెండింటిలో ఏ ఒక్క మ్యువాన్‌కైనా మసక పీటీ 10 జీఈవీ, ఆపైన ఉంటే 1, లేకపోతే 0. హద్దును సూత్రంలో టైపు చేయకండి. పైన ఒక గడిలో రాసి దాన్ని పిలవండి. రేపు 12కు మార్చాలంటే ఒక్క గడి మారిస్తే సరిపోవాలి.

ఒక తనిఖీ వెంటనే చేయండి. అసలు పీటీతో హద్దు దాటిన మ్యువాన్లెన్ని, మసక పీటీతో దాటినవెన్ని? రెండోది ఎక్కువ రావాలి. తక్కువ పీటీ మ్యువాన్లు చాలా ఎక్కువ, ఎక్కువ పీటీవి తక్కువ. మసక వల్ల కింది నుంచి పైకి జారేవి పై నుంచి కిందికి జారేవాటి కన్నా ఎక్కువ. అసలు ట్రిగ్గర్ బృందాలు మొదటి దశలో కొలత నాణ్యత కోసం అంత కష్టపడేది దీనికే: మసక ఎంత ఎక్కువైతే పనికిరాని ఘటనలు అంతగా లోపలికి దూరతాయి.

మెట్టు 5: జవాబు తెలిసిన లెక్కతో పరీక్షించండి

అసలు డేటాతో ఆడే ముందు వేరే షీట్‌లో 10,000 వరుసలు తీసుకుని, అన్నిటిలో పీటీ సరిగ్గా 10 అని రాయండి. మీ మసక, మీ ఫ్లోర్, మీ హద్దు వాటి మీద నడపండి. సరిగ్గా సగం దాటాలి. గణాంక దోషం అర శాతం, కాబట్టి 49 నుంచి 51 మధ్య ఏది వచ్చినా సరే.

55 శాతం వస్తే మీరు ఫ్లోర్ బదులు రౌండ్ వాడారు. రౌండ్ చేస్తే 9.75 కూడా 10 అయిపోతుంది, మీ హద్దు మీకు తెలియకుండానే పావు జీఈవీ కిందికి జారుతుంది. ఎఫ్‌పీజీఏ బోర్డు, అంటే మనకు కావలసిన లాజిక్ రాసుకోగల చిప్ ఉన్న బోర్డు, మీద రాసేవాళ్లు ఇక్కడే ఎక్కువగా పడతారు, జాగ్రత్త.

ఇక పీటీ విలువ మార్చుతూ ఇదే పరీక్ష చేయండి. 8 జీఈవీకి సుమారు 11 శాతం, 9కి 29, 11కి 67 నుంచి 68, 12.5కు 84, 15కు 95, 20కి 99 శాతం పైన రావాలి. ఈ అంకెలు గాసియన్ పట్టిక నుంచి చేతితోనూ కట్టవచ్చు; వైవాలో అడిగితే బోర్డు మీద కట్టి చూపించండి. ఉదాహరణకు 12.5 జీఈవీకి మసక 2.5, హద్దు సరిగ్గా ఒక ప్రామాణిక విచలనం కింద ఉంది, అందుకే 84.

మెట్టు 6: దక్షత గీత గీయండి

దక్షత అంటే ఒక్కో పీటీ దగ్గర ఉన్న మ్యువాన్లలో హద్దు దాటినవి ఎంత వంతు అన్నది. ఇప్పుడు అసలు ఫైలుకు రండి. రెండు మ్యువాన్లనూ ఒకే జాబితాగా పేర్చి, అసలు పీటీని ఒక్కో జీఈవీ వెడల్పు గల ముక్కలుగా విడగొట్టండి. కౌంట్‌ఇఫ్స్‌తో ఒక్కో ముక్కలో మొత్తం ఎన్ని, హద్దు దాటినవి ఎన్ని లెక్కపెట్టి భాగించండి. అడ్డంగా అసలు పీటీ, నిలువుగా దక్షత. కింద సున్నా నుంచి మొదలై, 10 దగ్గర నిటారుగా ఎక్కి, పైన సమతలంగా సాగే గీత రావాలి.

ప్రతి బిందువుకూ దోషం వేయండి: దక్షతను, ఒకటి నుంచి దక్షత తీసివేయగా వచ్చినదానితో గుణించి, ఆ ముక్కలోని మ్యువాన్ల సంఖ్యతో భాగించి, వర్గమూలం. 400 మ్యువాన్లున్న ముక్కలో దక్షత 84 శాతమైతే దోషం 1.8 శాతం. దోషం గీతలు లేని దక్షత గ్రాఫును పరీక్షకులు ఒప్పుకోకూడదు, మీరూ ఒప్పుకోకండి. ఎక్కువ పీటీ వైపు మ్యువాన్లు తక్కువ కాబట్టి అక్కడ ముక్కల వెడల్పు పెంచండి.

గీతను మెట్టు 5 అంకెలతో పోల్చండి. కొంచెం తేడా ఉంటుంది, ఎందుకంటే 9.5 నుంచి 10.5 ముక్కలో మ్యువాన్లు సమానంగా పరచుకుని ఉండవు, తక్కువ వైపు ఎక్కువ ఉంటాయి. తేడా పెద్దదైతే ముక్క వెడల్పు సగం చేసి మళ్లీ చూడండి.

మెట్టు 7: మోసపోయే చోటు ఇదే

అసలు ప్రయోగంలో మీ చేతికి వచ్చేవి ట్రిగ్గర్ దాటిన ఘటనలే. వాటితోనే ట్రిగ్గర్ దక్షత కొలవాలి. ఎలా?

తప్పు పద్ధతి ముందు చేసి చూడండి, చూస్తేనే బుర్రకెక్కుతుంది. ‘కనీసం ఒక మ్యువాన్ హద్దు దాటింది’ అన్న ఘటనలను మాత్రమే ఉంచి, వాటిలోని మ్యువాన్లన్నిటి మీదా దక్షత కట్టండి. గీత కింది భాగం పైకి లేచిపోతుంది. రెండు మ్యువాన్లకూ సమాన దక్షత ఉందనుకుంటే నిజమైన 50 శాతం 67గా కనిపిస్తుంది. నిజమైన 10 శాతం 53గా కనిపిస్తుంది! ఏ మ్యువాన్ వల్ల ఘటన దొరికిందో అదే మ్యువాన్‌ను మళ్లీ లెక్కలో కలిపాం, అందుకే ఈ మోసం.

సరైన పద్ధతి: జెడ్ శిఖరం చుట్టూ, 81 నుంచి 101 జీఈవీ మధ్య, వ్యతిరేక ఆవేశాలున్న జంటలను తీసుకోండి. మొదటి మ్యువాన్ హద్దు దాటిన ఘటనల్లో రెండో మ్యువాన్ ఎన్నిసార్లు దాటిందో చూడండి. తర్వాత పాత్రలు మార్చి, రెండోది దాటిన చోట మొదటిదాన్ని కొలవండి. రెండు లెక్కలూ కలపండి. దీన్నే ట్యాగ్ అండ్ ప్రోబ్ అంటారు. పాత్రలు మార్చడం తప్పనిసరి. ఫైలులో ఏది మొదటిది, ఏది రెండోది అన్న వరుస మీద ఆధారపడకూడదు.

ఇలా వచ్చిన గీతను మెట్టు 6 గీత మీద వేయండి. జెడ్ మ్యువాన్లు ఎక్కువగా 10 జీఈవీకి చాలా పైన ఉంటాయి కాబట్టి కింది ముక్కల్లో బిందువులు తక్కువ, దోషాలు ఎక్కువ. కానీ దోషాల లోపల రెండు గీతలూ కలవాలి. తప్పు పద్ధతి గీత కూడా అదే గ్రాఫులో ఉంచండి. మీ నివేదికలో అన్నిటికన్నా విలువైన బొమ్మ ఇదే అవుతుంది.

మెట్టు 8: రెండో దశ, ప్రీస్కేల్

రెండో దశ కచ్చితమైన పీటీ వాడుకోవచ్చు, ద్రవ్యరాశి లెక్క కట్టవచ్చు. మొదటి దశ దాటిన వరుసల మీద మాత్రమే ఒక దారి, అంటే దాటాల్సిన షరతుల జాబితా, పెట్టండి: వ్యతిరేక ఆవేశాలు, ద్రవ్యరాశి 81 నుంచి 101. ఇప్పుడు మొదటి దశ తర్వాత మిగిలిన ఘటనల హిస్టోగ్రామ్ గీసి, మెట్టు 2 హిస్టోగ్రామ్ పక్కన పెట్టండి. జెడ్ దాదాపు చెక్కుచెదరకుండా ఉంటుంది. జే-సై బాగా తగ్గిపోతుంది, ఎందుకంటే దాని మ్యువాన్లలో ఎక్కువ భాగం 10 జీఈవీ దాటవు.

హద్దును రెండు మ్యువాన్లకూ 10 అని పెట్టి చూస్తే 20 జీఈవీ దగ్గర గుట్టలాంటిది లేవవచ్చు. అది కణం కాదు. ఎదురెదురుగా పోయే రెండు 10 జీఈవీ మ్యువాన్ల ద్రవ్యరాశి సుమారు 20. హద్దు కోసిన అంచు శిఖరంలా కనిపిస్తోంది, అంతే. హద్దును 12కు మార్చండి. గుట్ట 24కు జరిగితే అది మీ ట్రిగ్గర్ తయారుచేసిందే. నిజమైన కణం మీ హద్దును బట్టి జరగదు.

తక్కువ ద్రవ్యరాశి ఘటనలను పూర్తిగా వదులుకోలేం, అన్నీ దాచలేం. దీనికి ప్రీస్కేల్: మసక పీటీ 3 దాటిన ఘటనల్లో 20కి ఒకటి చొప్పున దాచి, దాచిన ప్రతిదానికీ 20 బరువు ఇవ్వండి. బరువుల మొత్తం, 3 దాటిన మొత్తం ఘటనల సంఖ్యతో దాదాపు కలవాలి. బరువు వేయడం మరిచిపోయి రెండు దారుల ఘటనలను ఒకే హిస్టోగ్రామ్‌లో కలిపేయడం చాలా సాధారణమైన తప్పు. ఒకే ఘటన రెండు దారుల్లోనూ దాటితే రెండుసార్లు లెక్కపెట్టడం ఇంకొకటి.

మెట్టు 9: కాలాన్ని కలపండి

ఇంతవరకు చేసింది ఏరివేత. అప్పటికప్పుడు ఏరడం అనాలంటే గడియారం ఉండాలి. మొదటి దశ దాటిన ఘటనలు సగటున 10 మైక్రోసెకన్లకు ఒకటి, అంటే సెకనుకు లక్ష వస్తున్నాయనుకోండి. ఒకటి నుంచి ర్యాండ్‌ను తీసివేసి, దానికి సహజ లాగరిథమ్ కట్టి, మైనస్ 10తో గుణిస్తే ఒక్కో ఘటనకూ ముందున్న ఎడం వస్తుంది. ఎడాలను కూడుతూ పోతే రాక సమయాలు. తనిఖీ: ఎడాల సగటు, ప్రామాణిక విచలనం రెండూ 10కి దగ్గరగా ఉండాలి. రెండూ దాదాపు సమానం కాకపోతే సూత్రం తప్పు.

ఒక ఘటనను చదవడానికి పట్టే సమయంలో మరొకటి వస్తే పోతుందనుకుందాం. ‘చివర తీసుకున్న ఘటన సమయం’ అని ఒక కాలమ్ పెట్టి, ప్రతి వరుసలో ఎడం సరిపోతే తీసుకోండి, లేకపోతే వదలండి. చదివే సమయం 1 మైక్రోసెకను అయితే 91 శాతం, 5 అయితే 67, 10 అయితే సరిగ్గా సగం మిగలాలి. ఇక్కడ చేసే తప్పు: ఎడాన్ని ‘ముందు వచ్చిన ఘటన’ నుంచి కొలవడం. కొలవాల్సింది ముందు తీసుకున్న ఘటన నుంచి. తప్పుగా కొలిస్తే 10 మైక్రోసెకన్ల దగ్గర 50 బదులు 37 శాతం వస్తుంది.

వేచి ఉండే వరుస, అంటే బఫర్, పెడితే పరిస్థితి మారుతుంది. ఏదీ పోదు, కానీ ఆలస్యం పెరుగుతుంది. చదివే సమయం 5 ఉంటే సగటు నిరీక్షణ 2.5 మైక్రోసెకన్లు. 9 ఉంటే 40 దాటుతుంది. ఈ చివరి అంకె స్థిరపడటానికి వేల ఘటనలు కావాలి. 10కి చేరితే వరుసకు అంతు ఉండదు. ఈ మూడు అంకెలు చూస్తే ట్రిగ్గర్ రూపకర్తలు పూర్తి సామర్థ్యం అంచుకు ఎందుకు పోరో అర్థమవుతుంది.

డిటెక్టర్ ముక్క చేతితో తాకాలనిపిస్తే

మీ ఫిజిక్స్ ల్యాబులో రేడియేషన్‌ను పసిగట్టే జీఎం (గైగర్-ముల్లర్) ట్యూబులు రెండు ఉంటే ఒకదానిపై ఒకటి పెట్టి, రెండూ ఒకేసారి పలికినప్పుడే లెక్కించే వలయం కట్టవచ్చు. పల్సులను 5 వోల్టులకు సరిచేసి 7408 చిప్‌లోని ఒక యాండ్ గేటుకు ఇస్తే చాలు. జర్మన్ భౌతిక శాస్త్రవేత్త వాల్టర్ బోథేకు 1954లో నోబెల్ తెచ్చిన పద్ధతి మూలం ఇదే. సముద్ర మట్టం దగ్గర చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒక కాస్మిక్ మ్యువాన్, అంటే ఆకాశం నుంచి వచ్చే మ్యువాన్, పడుతుంది.

హెచ్చరిక: ఆ ట్యూబులు వందల వోల్టుల మీద పని చేస్తాయి. కరెంటు పోయినా కెపాసిటర్‌లో ఛార్జి మిగిలే ఉంటుంది, ల్యాబు సహాయకుడు లేకుండా తీగలు విప్పకండి. తనిఖీకి ట్యూబులను పక్కపక్కన ఒక మీటరు ఎడంగా పెట్టండి. జంట పలకడాలు దాదాపు ఆగిపోవాలి. ఒక్కో ట్యూబు నిమిషానికి 20 సార్లు పలుకుతూ, పల్సు వెడల్పు 100 మైక్రోసెకన్లు ఉంటే కాకతాళీయంగా కలిసేవి రోజుకు రెండు లోపే. అంతకన్నా బాగా ఎక్కువ వస్తే తీగల్లో నాయిస్ దూరుతోంది.

నివేదికలో రాయవలసినవి, రాయకూడనివి

‘మా ట్రిగ్గర్ 4 కోట్ల ఘటనలను వెయ్యికి తగ్గించింది’ అని రాయకండి. మీ ఫైలులోని ఘటనలు సీఎంఎస్ ట్రిగ్గర్‌ను అప్పటికే దాటి, రెండు మ్యువాన్లున్నవని ఎంపికైనవి. మీ దక్షతలన్నీ ఈ ఫైలులోని ఘటనలకు సంబంధించినవే, ఆ మాట ప్రతి గ్రాఫు కింద రాయండి. 2010 డేటాకు 25 నానోసెకన్ల ఎడాన్నీ అంటగట్టవద్దు, ఆ వేగంతో పుంజాలు మామూలుగా నడవడం 2015 నుంచే. 20 శాతం మసక మీరు ఎంచుకున్న అంకె అని స్పష్టంగా చెప్పి, 10, 30 శాతాలతో కూడా గీత గీసి చూపండి.

మెట్టు 3లో పక్కన పెట్టిన వెయ్యి ఘటనల మీద మీ ట్రిగ్గర్ మొత్తం ఒకసారి నడిపి, ఏ ద్రవ్యరాశి దగ్గర ఎన్ని పోయాయో పట్టిక వేయండి. ఆ దక్షత మొత్తం ఫైలు దక్షతతో దోషాల లోపల కలవాలి. కలవకపోతే యాదృచ్ఛిక కాలమ్‌ను విలువలుగా అతికించారో లేదో మొదట చూడండి. ఆ వెయ్యి వరుసలనూ ప్రత్యేక షీట్‌గా వర్క్‌బుక్‌లో ఉంచి నివేదికతో పాటు ఇవ్వండి. వచ్చే ఏడాది జూనియర్లు వేరే హద్దులతో అదే పట్టికను మళ్లీ నింపి మీ అంకెలతో పోల్చుకోవచ్చు.